సున్నం అయిపోయింది

నా నోరు మంచిది కాదు. ఈ సంగతి జనగామలో మా వీధికి వచ్చే కూరగాయల బండాయన నుంచి మా పరిశోధన కేంద్రం డైరెక్టరు దాకా అందరికీ తెలుసు. ఎవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తున్నాను. పేరు సుగుణ. పేరు పెట్టిన రోజున మా బాపుకు ముందుచూపు తక్కువైనట్టుంది. పంటల మీద పరిశోధన చేసే కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా యంత్రాలు చూసుకునే ఉద్యోగం నాది. అయితే ఇది నా కథ కాదు. నా దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసిన ప్రేమ్‌సింగ్ కథ. అతని గురించి మంచి మాట చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎక్కువ మంది లేరు. ఉన్నవాళ్లలో నేనొకదాన్ని. చెప్పవలసిన రోజున చెప్పనిదాన్ని కూడా నేనే.

ప్రేమ్‌సింగ్‌ది గంగారం మండలంలో అడవి అంచున ఒక లంబాడా తండా. నాలుగేళ్ల వయసులో తల్లి పోతే అక్క సోమ్లీ పెంచింది. ఆమెకప్పుడు పన్నెండేళ్లు. తమ్ముణ్ణి చంకనేసుకుని మిరపకాయలు ఏరే కూలికి పోయేది. నర్సింహులపేట దగ్గరి తండాకు పెళ్లయి వెళ్లేటప్పుడు వాణ్ణి కూడా వెంట తీసుకుపోయింది. అత్త గొణిగితే, "వీడు తినేది నా పళ్లెంల నుంచే, నీ పళ్లెంల నుంచి గాదు" అందట. ఇంటర్ దాకా చదివించింది. ఇవన్నీ నాకు ఒక్కసారిగా చెప్పినవి కావు. మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పినప్పుడల్లా ఒక ముక్క చొప్పున చెప్పేవాడు. మూడు మాటలకొకసారి అక్క పేరు రావలసిందే. "మీ అక్క సర్పంచుకు నిలవడితే నీ ఒక్క ఓటుతోనే గెలుస్తది" అని ఎగతాళి చేసేదాన్ని. సిగ్గుపడి నవ్వేవాడు.

మా దగ్గరికి కలుపు తీసే కూలీగా వచ్చాడు. ఆ తర్వాత ఒక కాంట్రాక్టరు కింద పేరెక్కింది. అతను వచ్చిన రెండో ఏడాది మా కేంద్రానికి ఆకు యంత్రం వచ్చింది. ఆకు ఎండలో ఎంత గాలి తింటున్నదో కొలిచే యంత్రమది. రెండు పసుపురంగు పెట్టెల్లో దిగింది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ముట్టుకోవడానికి భయపడ్డారు. ప్రేమ్‌సింగ్ పెట్టె మోయడానికి వచ్చి, దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు చెప్పిన రెండు రోజుల పాఠం పక్కన నిలబడి విన్నాడు. వారం తిరిగేసరికి ఏ గొట్టం ఎక్కడ తగిలించాలో నాకే చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. అయినా చెప్పింది కరెక్టే కాబట్టి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పొలానికి పోతే రైతులు చుట్టూ చేరి, ఇదేందని అడుగుతారు కదా. శాస్త్రవేత్తలు చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ప్రేమ్‌సింగ్ చెబితే అయ్యేది. "చూడవ్వా, ఆకు గాలి తింటది. లోపలికి పోయే గాలిని ఒక కాంటా తూస్తది. ఆకును తాకి బయటికొచ్చే గాలిని ఇంకో కాంటా తూస్తది. మజ్జల ఎంత తక్కువైతే ఆకు గంత తిన్నట్టు" అనేవాడు. ఆ రెండు కాంటాలే అసలు సంగతి. పత్తి మార్కెట్లో ఖాళీ కాంటా ముల్లు సున్నా మీద నిలబడకపోతే రైతు బస్తా ఎక్కించనిస్తాడా? ఇక్కడా అంతే. కొలిచే ముందు ఆ రెండింటినీ సున్నా మీద పెట్టాలి. ఏ వాయువును కొలుస్తున్నామో ఆ వాయువు అసలే లేని గాలిని లోపలికి పంపి, ఇదిగో దీన్ని సున్నా అనుకో అని యంత్రానికి చెప్పాలి.

అట్లాంటి గాలి బయట దొరకదు. దాన్ని తయారు చేసేది సోడా లైమ్. జొన్న గింజలంత తెల్లటి పలుకులు, ఒక గొట్టం నిండా ఉంటాయి. గాలి వాటి గుండా పోతే అవి ఆ వాయువును పీల్చుకుంటాయి. దాన్ని మేము సున్నం అనేవాళ్లం. నిజానికి అది సున్నం జాతిదే. కడుపు నిండాక పలుకులు ఊదారంగుకు తిరుగుతాయి, అప్పుడు పారబోసి కొత్తవి పోయాలి. అయితే దాంట్లో ఒక మోసం ఉంది. ఊదారంగుకు తిరిగినవాటిని ఒక పూట కదిలించకుండా ఉంచితే మళ్లీ తెల్లబడతాయి. చూడ్డానికి కొత్తవే. "గిది దొంగ సున్నం మేడం" అనేవాడు ప్రేమ్‌సింగ్. "పండుకొని లేస్తే మొఖం తెల్లగైతది, కడుపు మాత్రం నిండే ఉంటది." అందుకే ఎప్పుడు పోశామో తారీఖు రాసి గొట్టానికి కాగితం అంటించేవాడు. ఆ అలవాటు అతనిదే, నాది కాదు.

ఆ యంత్రం కోసం బీడీ మానేశాడు. ఆకు దగ్గర నిలబడి ఊపిరి వదిలితే ఆ ఊపిరి కూడా లెక్కలో పడుతుంది. అందుకని ఆకును చిన్న గదిలో బిగించాక మొహం పక్కకు తిప్పుకుని, నోటికి దస్తీ అడ్డం పెట్టుకుని, అంకె నిలబడేదాకా మాట్లాడేవాడు కాదు. "నా ఊపిరి ఆకు ఖాతల పడితే అబద్ధం గాదా మేడం?" అన్నాడొకసారి. పని అంటే అంత భయం అతనికి. నేనంటే అంతకన్నా ఎక్కువ భయం. ఏదైనా రెండోసారి అడిగితే నేను కసురుతాను. "ఒక్కసారి చెప్తే చెవుల పడదా? చెవుల పత్తి పెట్టుకున్నవా?" ఇది నా ఊతపదం. మా కేంద్రంలో నన్ను రెండోసారి అడిగేవాళ్లు లేరు. అది నా గొప్ప అనుకునేదాన్ని.

పోయిన చలికాలంలో మాకు మహబూబాబాద్ నుంచి ఒక కాగితం వచ్చింది. నర్సింహులపేట మండలంలో ఒక తండా పక్కన వెంకట్రాం అనే పెద్ద రైతు కంకర క్రషర్ నడుపుతున్నాడు. రాతిదుమ్ము మిరప చేన్ల మీద పడి పంట పోతోందని తండావాళ్లు అర్జీ పెట్టుకున్నారు. క్రషర్ అనుమతి గడువు ముగుస్తోంది. దుమ్ము పడ్డ చేనులో ఆకులు, దూరంగా ఉన్న చేనులో ఆకులు ఎట్లా పనిచేస్తున్నాయో కొలిచి నివేదిక ఇవ్వమని అనుమతులు చూసే అధికారి మా కేంద్రాన్ని అడిగాడు. తేడా ఉందని వస్తే అనుమతి ఆగుతుంది. లేదని వస్తే ఇంకో అయిదేళ్లు నడుస్తుంది. క్రషర్‌కు ఆనుకుని ఉన్న మొదటి చేను సోమ్లీది.

ప్రేమ్‌సింగ్ నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. "మేడం, గది మా అక్క చేను. నేను పోవుడు మంచిగుండదేమో."

"యంత్రానికి అక్కలు చెల్లెండ్లు ఉంటరా?" అన్నాను. "ఇంకెవలకు చేతనైతది గీ పని? నాకు మోకాళ్ల నొప్పులు. పోయిరా."

ఆ రోజు పెట్టె సర్దింది నేనే. యంత్రం పాతబడింది. రెండు కాంటాలనూ ఒకదానితో ఒకటి సరిచూసే చిన్న కవాటం దసరా నుంచి పనిచేయడం లేదు. బాగుచేయించమని రాసిన కాగితం ఎవరి బల్ల మీదో నిద్రపోతోంది. కాబట్టి పొద్దున్నే జాగ్రత్తగా సున్నా పెట్టుకోవడం ఒక్కటే మాకు దిక్కు. ఇది నాకు తెలుసు. తెలిసీ సున్నం డబ్బా మూత తీసి చూడకుండా పెట్టెలో పడేశాను. అడుగున పిడికెడు కూడా లేదని తర్వాత తెలిసింది.

మొదటి రోజు దూరంగా ఉన్న మంచి చేనులో కొలిచాడు. రెండో రోజు అక్క చేనుకు పోయాడు. సోమ్లీ చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తే తాగలేదట. "కొలుసుడు అయిందాక మీ ఇంట్ల నీళ్లు గూడ ముట్ట. అయినంక నీ చేతి బువ్వ తిని పోత" అన్నాడట. ఆమె మురిసిపోయి చుట్టుపక్కల అందరికీ చెప్పుకుంది, మా తమ్ముడు గంత నిక్కచ్చి మనిషి అని.

తొమ్మిదిన్నరకు నాకు ఫోన్ చేశాడు. వెనక క్రషర్ చప్పుడు. రాళ్లు దాని ఇనుప దవడల మధ్య పడి నలుగుతున్నాయి.

"మేడం, సున్నా అయిపోయింది. ఏం జెయ్యమంటరు?"

నేను స్టోరులో ఎవరినో తిడుతూ ఉన్నాను. "అయిపోతే ఇంకేంది? కానియ్. ఎండ ముదిరితే ఆకు మూసుకుంటది" అన్నాను.

అతను మళ్లీ ఏదో అడిగాడు. చప్పుడులో చివరి ముక్క ఒక్కటే వినబడింది, "...కానియ్యన్నా మేడం?" అని.

"ఒక్కసారి చెప్తే చెవుల పడదా?" అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రానికి అంకెలు నా ఫోన్‌కు పంపాడు. మంచి చేనులో సగటు పద్దెనిమిది. సోమ్లీ చేనులో పదిహేడు. నేను వాటిని మా యువ శాస్త్రవేత్త విశాల్‌కు పంపాను. చెప్పుకోదగ్గ తేడా లేదని అతను నివేదిక రాసి శుక్రవారమే మహబూబాబాద్‌కు పంపేశాడు. అతని తప్పు ఇందులో ఏమీ లేదు. ఇచ్చిన అంకెలకు అతను చేసిన లెక్క సరిగ్గానే ఉంది.

శనివారం మధ్యాహ్నం యంత్రం శుభ్రం చేద్దామని పెట్టె తెరిచాను. గొట్టం చేతికి తీసుకున్నాను. పలుకులు తెల్లగానే ఉన్నాయి. అంటించిన కాగితం మీద మూడు వారాల కిందటి తారీఖు ఉంది. యంత్రం ఆన్ చేసి, ఆకు లేకుండానే చిన్న గది మూసి చూశాను. ఆకు లేనప్పుడు అంకె సున్నా రావాలి. ఏడు వచ్చింది. ఇంకోసారి చూశాను, మళ్లీ ఏడే. ఖాళీ గదిలో లేని ఆకు ఏదో గాలి తింటున్నట్టు చూపిస్తోంది. గొట్టంలో పలుకులు చూస్తుండగానే ఊదారంగుకు తిరిగాయి. సోమ్లీ చేను అంకెలోంచి ఆ ఏడు తీసేస్తే పది. పద్దెనిమిది ఎక్కడ, పది ఎక్కడ. ఆమె చేనులో ఆకులు దాదాపు సగం ఆకలితో ఉన్నాయి.

ప్రేమ్‌సింగ్ మీద పట్టరాని కోపం వచ్చింది. వెధవ, పద్నాలుగేళ్లు నేర్పితే ఇదా చేసేది అనుకుంటూ పెట్టెలోని నోటుబుక్కు తీశాను. రోజూ ఏం చేసిందీ అందులో రాయడం అతని అలవాటు. మొదటి రోజు పేజీలో సున్నా సరిగ్గానే నిలబడిందని ఉంది. రెండో రోజు పేజీలో పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు ఇట్లా ఉన్నాయి: "సున్నం అయిపోయింది. మేడంకు ఫోన్ జేసిన. ఉన్నదాంతోనే కానియ్యన్నా అని అడిగిన. కానియ్ అన్నది. పాత సున్నంతోనే సున్నా పెట్టిన."

స్టూలు మీద కూర్చుండిపోయాను. అతను సున్నం అన్నాడు. నాకు సున్నా అని వినబడింది. సున్నా అయిపోయిందంటే పెట్టడం ముగిసింది అని. సున్నం అయిపోయిందంటే నిండుకున్నది అని. రెంటికీ ఒకటే మాట, అయిపోయింది. అయిపోయిన సున్నంతో ఏం చేయాలి అని అతను అడిగితే, కానియ్ అని నేనే చెప్పాను. రెండోసారి అడిగితే కసిరాను. మూడోసారి అడిగే ధైర్యం అతనికి లేకుండా పద్నాలుగేళ్లుగా చేసిందీ నేనే.

క్రషర్ అనుమతి మీద మహబూబాబాద్‌లో విచారణ సోమవారం. నా చేతిలో ఒకటిన్నర రోజు ఉంది. విశాల్‌కు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను, మళ్లీ తీసుకున్నాను. ఇరవై ఆరేళ్లలో నా మీద ఒక్క మెమో లేదు. ఇంతకన్నా చిన్న తప్పులకు నేను ఎంతమందికి మెమోలు రాయించానో లెక్క లేదు. వాళ్లంతా ఇప్పుడు నా మొహం చూసి నవ్వుతారు. భయమేసింది. సిగ్గేసింది. తండావాళ్లు ఎట్లాగూ మళ్లీ కొలవమని అడుగుతారు, అప్పుడు నేనే దగ్గరుండి కొలిపిస్తాను, ఎవరికీ తెలియకుండా సరిపోతుంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆదివారం తలనొప్పి అని పడుకున్నాను.

సోమవారం మహబూబాబాద్ ఆఫీసులో గది నిండా మనుషులు. ఒకవైపు వెంకట్రాం, అతని మనుషులు. ఇంకోవైపు తండావాళ్లు, ముందు వరసలో సోమ్లీ. యాభై దాటి ఉంటాయి, బక్క మనిషి. చేతులకు లంబాడా ఆడవాళ్లు తొడుక్కునే తెల్లగాజుల మచ్చలున్నాయి, గాజులు లేవు. తమ్ముడు కనబడగానే మొహం విప్పారింది. పక్కనున్న ఆమెకు చూపించింది. ప్రేమ్‌సింగ్ నా వెనక కూర్చున్నాడు.

అధికారి నివేదిక చదివాడు. దుమ్ము పడ్డ ఆకులకూ పడని ఆకులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. సోమ్లీకి అర్థం కాలేదు, పక్కవాళ్లను అడిగింది. వాళ్లు తమ భాషలో చెప్పారు. ఆమె వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది.

తండాలో డిగ్రీ చదివిన చందు లేచాడు. సైన్సు చదివినట్టున్నాడు, అడగవలసిందే అడిగాడు. "సార్, కొలిచే ముందు యంత్రాన్ని సున్నా మీద పెట్టాలె. పెట్టిండ్రా? ఎవలు పెట్టిండ్రు?"

అధికారి మా వైపు చూశాడు. ప్రేమ్‌సింగ్ లేచి నిలబడ్డాడు. "నేనే పెట్టిన సార్."

"సరిగ్గనే పెట్టినవా అన్నా?" అని అడిగాడు చందు.

ప్రేమ్‌సింగ్ నోరు తెరిచాడు. "సున్నం..." అని ఆగాడు. నా మొహం మీద అతని చూపు పడింది. నేను తల దించుకుని ఒళ్లోని ఫైలు తెరిచాను. అందులో చదవడానికి ఏమీ లేదు. నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. ఒక్కసారి లేచి నిలబడితే చాలు. నేను లేవలేదు.

"పెట్టిన" అన్నాడు ప్రేమ్‌సింగ్.

అప్పుడు వెంకట్రాం కుర్చీలోంచి లేచి వచ్చాడు. ప్రేమ్‌సింగ్ భుజం మీద చేయి వేశాడు. "సారూ, మీకు ఎరుకలేదేమో. ఈయన గా సోమ్లీకి సొంత తమ్ముడు. అక్క చేనైనా సరే, ఉన్నదున్నట్టు కొలిచిండు. గిసోంటి నీతిమంతులు ఉంటనే దునియా నడుస్తున్నది." మనస్ఫూర్తిగానే అన్నాడో, కావాలని అన్నాడో నాకు తెలియదు. ఆ మెచ్చుకోలుతో ప్రేమ్‌సింగ్ పని అయిపోయింది. తండావాళ్లు ఆ భుజం మీది చేయిని చూశారు. అమ్ముడుపోయాడు అనే మాట ఎవరూ పైకి అనలేదు, అనవలసిన అవసరమూ లేకపోయింది. సోమ్లీ కొంగు నెత్తి మీదికి లాక్కుని బయటికి నడిచింది.

అతను అట్నుంచి అటే అక్క ఇంటికి పోయాడని తర్వాత చందు నాతో చెప్పాడు. వాకిట్లో కూర్చుంటే సోమ్లీ తలుపు తీయలేదు. తెల్లారి కూడా అక్కడే ఉన్నాడు. మూడో రోజు ఆమె బయటికి వచ్చి ఒక్కటే మాట అన్నదట. "మా ఇంట్ల నీళ్లు ముట్టనన్నవు గద. గదే మాట మీద ఉండు." అతను లేచి వెళ్లిపోయాడు. మా కేంద్రానికీ రాలేదు. కాంట్రాక్టరు మనిషి కాబట్టి రాజీనామా కాగితం కూడా అక్కర్లేదు. పది రోజులకు అతని స్థానంలో ఇంకొకరు వచ్చారు.

క్రషర్‌కు అనుమతి దొరికింది. మళ్లీ కొలవమని తండావాళ్లు అడుగుతారని నేను అనుకున్నాను కదా, అడగలేదు. సొంత తమ్ముడే అట్లా చేస్తే ఇంక ఎవరిని నమ్మి అడుగుతారు? మిరప ఎర్రబడకుండానే చెట్లు వాడిపోయాయి. ఫిబ్రవరి చివర సోమ్లీ చేను పీకేసింది. దుమ్ము కుప్ప పోసుకోవడానికి ఆ చేనును వెంకట్రాంకే కౌలుకు ఇచ్చేసింది. సాగయ్యే నేల అక్కడ ఇప్పుడు లేదు. రెండు నిలువుల ఎత్తు బూడిదరంగు కుప్ప ఉంది.

హోలీ అయిన మర్నాడు నేను డైరెక్టరుకు ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు, నా మాటతో సహా, నోటుబుక్కు పేజీ నకలు జతచేసి ఇచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. నాకు మెమో వచ్చింది. నేను భయపడ్డంత ఏమీ లేదు, ఒక పేజీ కాగితం. నవ్విన వాళ్లు కూడా పెద్దగా లేరు. యంత్రంలో లోపం అని మాత్రం రాసి నివేదిక వెనక్కి తీసుకున్నారు, తప్పు ఎవరిదో తండా దాకా పోలేదు. వచ్చే పంటలో అదే చేనులో మళ్లీ కొలవాలని మహబూబాబాద్ నుంచి జవాబు వచ్చింది. ఏ చేనులో కొలుస్తారు?

ప్రేమ్‌సింగ్ భూపాలపల్లిలో ఉన్నాడని మే నెలలో తెలిసింది. బొగ్గు లారీలకు పైన టార్పాలిన్ కట్టే పని. హన్మకొండలో బస్సు మారి, మోకాళ్లు ఈడ్చుకుంటూ పోయాను. లారీల వరస పక్కన ఒక చాయ్ హోటల్ దగ్గర దొరికాడు. ముందు గుర్తుపట్టలేదు. చెవుల్లో, గోళ్లలో నల్లటి పొడి. నన్ను చూసి బీడీ కింద పడేసి కాలితో నలిపాడు. బెంచీ తుడిచి కూర్చోమన్నాడు.

"మేడం, పానం మంచిదేనా?" అన్నాడు.

సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాను. "నువ్వు సున్నం అన్నవు ప్రేమ్‌సింగ్. నాకు సున్నా అని వినవడ్డది. తప్పు నాది. గది నీకు చెప్దామని వచ్చిన."

అతను నోటుబుక్కు ముట్టుకోలేదు. "నాకు ఎరుకే మేడం."

"ఎప్పటి సంది?"

"గా ఆఫీసుల. చందు సున్నా పెట్టినవా అన్నడు సూడుండ్రి, గప్పుడు సమజైంది, ఫోన్ల మీకేం వినవడ్డదో. నోటి దాక వచ్చింది. నేను జెప్తే ఎవలు నమ్ముతరు? అక్క చేను కోసం మాట మారుస్తున్నడంటరు. మీరు చెప్తే నమ్ముతరు. గందుకే మీ దిక్కు సూసిన." చాయ్ గ్లాసు నా ముందుకు జరిపాడు. "మీరు తల దించుకున్నరు. మీకు గూడ ఎరుకే అని గప్పుడు తెలిసింది."

నేను ఏడ్చాను. హోటల్లో వాళ్లు చూశారు. అతను చూడనట్టు లారీల వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి, "మీ అక్క దగ్గరికి పోత" అన్నాను. "ఇటు నుంచి ఇటే పోత. నోటుబుక్కు సూపెట్టి, నువ్వేం తప్పు జెయ్యలే అని నేనే చెప్త."

"వద్దు మేడం."

"ఎందుకు వద్దు? నిన్ను దొంగ అనుకుంటున్నది."

"అనుకోనియ్యుండ్రి." అతని గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "గిప్పుడు చెప్తే చేను మళ్లొస్తదా? రాదు. తమ్ముడు దొంగ అనుకుంట చేను ఇచ్చేసింది. తలుపేసుకున్నది. తమ్ముడు దొంగ గాదు, ఉత్తగనే వాకిట్ల నుంచి ఎళ్లగొట్టిన అని తెలిస్తే అది బతుకుతదా మేడం? దాని సంగతి నాకు ఎరుక. నా మీద కోపం ఉన్నది కాబట్టి లేచి కూలికి పోతున్నది. గంతే మిగిలింది దానికి. గదొక్కటి గుంజుకోకుండ్రి."

లారీ డ్రైవరు ఎవరో పేరు పెట్టి పిలిచాడు. ప్రేమ్‌సింగ్ లేచి చాయ్‌ల పైసలు తానే ఇచ్చి, తాడు భుజాన వేసుకుని లారీ ఎక్కాడు.

నేను జనగామకు వచ్చేశాను. నర్సింహులపేట పోలేదు. ఇప్పటికి నాలుగు నెలలైంది, ఇంకా పోలేదు. అతను వద్దన్నాడు కాబట్టే పోలేదని మా ఇంట్లో చెప్పాను, వాళ్లు సరే అన్నారు. వాళ్లకు తెలియనిది ఒకటుంది. వద్దు అని అతను అన్న ఆ నిమిషాన, ఏడుపు మధ్యలోనే, నా గుండె తేలికపడింది. సోమ్లీ మొహం చూడవలసిన పని తప్పినందుకు.